ఆరని కోత

రంపం చప్పుడు ఆగకముందే మందు డబ్బా పట్టుకుని పుల్లవిరుపు మోడు దగ్గరికి చేరింది. పైన్ చెట్టు పడ్డప్పుడు లేచిన పొట్టు ఆమె కనురెప్పల మీద వాలింది. తుడుచుకోలేదు. కుంచెను నీలం మందులో ముంచి, చెమ్మగిల్లుతున్న తెల్లటి కోతకు అంచు నుంచి మధ్యదాకా పూసింది.

కోత ఆరకముందే మందు పడాలి. లేకపోతే గాలిలో తిరిగే బూజు అక్కడ వాలి, వేళ్లలోకి దిగి, పక్కచెట్టు వేళ్లను అంటుకుంటుంది. పైకి పచ్చగా కనిపించే చెట్టు కింద కుళ్లిపోయి, ఏదో ఒకరోజు గాలి లేకుండానే ఒరిగిపోతుంది. ఆమె భర్త అలాంటి చెట్టు కిందే పోయాడు.

పుల్లవిరుపు అన్న పేరు రంపంవాళ్లు పెట్టింది. ఆమెకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. పైగా ఆమె మందు పూసేదాకా వాళ్లు ఇంకో చెట్టు మీద చెయ్యి వేయకూడదు. అందుకే ఆమె అంటే వాళ్లకు ఒళ్లుమంట. అన్నాల వేళ ఆమె వైపు వీపులు పెట్టి కూర్చుంటారు. ఆమెకూ అదే హాయి. యాభై దాటిన ఒళ్లు, నీలం దిగని గోళ్లు, ఎడమ మోకాలికి గుడ్డకట్టు. ఇంట్లో ఇంకో మనిషి లేదు. పొరుగింటి కోడి తన వాకిట్లో కెలికిందని వాళ్లతోనూ మాటలు మానేసింది.

ముఠా మేస్త్రీ ఆమె మరిది. అన్న పోయిన రోజు పక్కనే ఉన్నది అతనే. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ మధ్యాహ్నం ఒక మోడు నడుమ గోధుమరంగు మచ్చ కనిపించింది. గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. పక్కనున్న పెద్దచెట్టును కూడా కొట్టేయమంది ఆమె. మరిది ఒప్పుకోలేదు. ఆఫీసరు గుర్తు పెట్టని చెట్టును ముట్టుకుంటే అది తన పీకకు చుట్టుకుంటుందన్నాడు.

“పచ్చగానే ఉందిగా. దానికేం రోగం?”

ఆమె కుంచె దించింది. “ఆరోజు మీ అన్నతోనూ ఇదే మాటన్నావు.”

రంపంవాళ్లు తలలు దించుకున్నారు. నలుగురిలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదలు. మరిది ముఖం నల్లబడింది. రంపం అందుకుని ఆ చెట్టును తానే కోశాడు. అది కొమ్మలు విరుచుకుంటూ పడ్డాక ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

కోత మీగడలా ఉంది. మచ్చ లేదు, పగులు లేదు.

“చూశావా? బయటి నుంచి చూసి నీకూ తెలియలేదుగా. ఆరోజు నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చాలాసేపు ఆ కోతనే చూసింది. తర్వాత అతని కాళ్ల వైపు కుంచె చూపించింది.

“ఆరిపోతోంది. అడ్డులే.”

ఆ పూటకు అదే చివరి చెట్టు. అందరూ దుంగలు ఎక్కించడానికి వాలు దిగిపోయారు. పొద్దు వాలాక లారీ హారన్ కొట్టింది. ఆమె రాలేదు. ఇప్పుడు లారీతో పెట్టుకుందేమో గొడవ అన్నాడు డ్రైవరు. నాలుగు తిట్లు తిట్టి లాక్కురావడానికి మరిదే పైకెక్కాడు.

ఆమె పడిన మానుకు ఆనుకుని, గడ్డం గుండెకు ఆనించి కూర్చుని ఉంది. మోడు సగమే నీలంగా ఉంది. అతను కోపంగా రెండుసార్లు పిలిచాడు. భుజం పట్టి కదిపాక మళ్లీ పిలవలేదు.

కిందివాళ్లను కేకేయడానికి ముందు ఆమె చేతిలోంచి కుంచె తీసుకుని మిగతా సగానికీ మందు పూశాడు. కోత ఎప్పుడో ఆరిపోయింది. ఇక పూసినా పనికిరాదని అతనికి తెలుసు.

“మొండిది,” అన్నాడు, పళ్ల బిగువున.

మర్నాడు పొద్దున లారీలో అందరూ ఎప్పటిలాగే కూర్చున్నారు. ముందురోజు పనికి దిగేటప్పుడు ఆమె బూట్లు తొడుక్కుంటూ విడిచిన రబ్బరు చెప్పులు బల్ల కింద ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా అవి ఆ చివర నుంచి ఈ చివరకు జారుతున్నాయి. ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు.