కళ్ళం తవ్విన ఏడు

అది కాదమ్మా మనవరాలా, నువ్వు ముందే రాసేస్తన్నావు. నేను చెప్పినాక రాయి. మన ఇంట్లో పచ్చజొన్న ఇత్తనం ఎట్టా నిలిచిందని కదా అడిగావు. అది మా అక్క పున్నమ్మ కత. మెల్లగా చెప్తా, మెల్లగా రాయి.

పున్నమ్మది పుట్టిల్లు మన నాదెండ్లే గదా. ఇచ్చింది మాత్రం పల్నాడు లోపలికి, నాగులేటి పక్క ఊరికి. మొగుడు ఆదెయ్య. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ ఇంట్లో ఆదెయ్య చెల్లెలు కొండమ్మ కూడా ఉండేది. ఆమె మొగుడు మాచర్ల వైపు రాళ్ళు కొట్టే పనికి పోయి, అక్కడ ఉండటానికి కొంప దొరికిందాకా పుట్టింట్లో ఉండమన్నాడు. వదినా ఆడబిడ్డా ఒకే పొయ్యి మీద వండుకుంటా, పొద్దస్తమానం ఒకరినొకరు గిల్లుకుంటా ఉండేవాళ్ళు. పగేం లేదు. వాళ్ళకి అట్టా పొద్దుపోయేది.

అయ్యి యుద్ధం రోజులు. అన్నిటికీ కంట్రోలు, డబ్బులిచ్చినా గింజ దొరకదు. నేను చెప్పే ఏటికి ముందేడు వానల్లేక ఊళ్ళో చానామందికి ఇత్తనం గింజలు కూడా రాలా. ఆ ఏడేమో వాన వదలటంలా. స్వాతి కార్తెలో ఇత్తనం ఎదపెట్టాల్సిన చేను, విశాఖ వచ్చినా అట్టాగే పడుంది. నల్లరేగడి నేల, నీకు తెలుసుగా. తడిసిందంటే కాలు పెట్టనీదు. చెప్పుకి ఇంత మందాన మట్టి పట్టుకుని లేవనీదు. ఎద్దుల్ని దింపితే గిట్టలు దిగబడి అక్కడే నిలబడతయ్. గొర్రు కడితే గొట్టాల్లో బురద బిగుసుకుని గింజ కిందకి జారదు. పైగా ఈదర గాలి. గోనెపట్ట కప్పుకున్నా ఎముకల్లోకి దిగేది చలి.

మజ్జలో కొన్నాళ్ళు తెరిపిచ్చింది. గాలికి నేల పైపైన తెల్లబడింది. ఆదెయ్య చేలోకి పోయి, పిడికెడు మట్టి తీసి పిసికి కింద పడేశాడు. ఉండ విరిగింది గానీ పొడి కాలా. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా, "ఎల్లుండి గొర్రు కడదాం" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకోని ఉంది పున్నమ్మ. అటక మీద ఇత్తనం కుండ దించి మూతకి మెత్తిన పేడ పగలగొట్టింది. ఆ రోజుల్లో జొన్న ఇత్తనాన్ని ఆవు పంచితం కలిపిన నీళ్ళలో నానేసి, బూడిద అద్ది, నీడన ఆరబెట్టి ఎదపెట్టేవాళ్ళు. కంకికి కాటుక తెగులు పట్టదని. అయితే ఏ పూటకి కావాల్సింది ఆ పూటకే నానేస్తారు.

కొండమ్మ గడప మీద కూర్చుని చూస్తంది. "వదినా, ముందు ఒక్క పూటకి సరిపడా నానెయ్యి. మిగతాది కుండలో ఉండనీ" అంది.

"ఎన్ని చేలు ఎదపెట్టావమ్మా నువ్వు?"

"నేనెందుకు పెడతా. చేసేదానికి నువ్వున్నావుగా, చెప్పేదానికి నేనున్నా."

కొండమ్మ ఆ మాట అనకపోతే పున్నమ్మ సగమే పోసేదేమో. అన్నది గనక, కుండ ఎత్తి మొత్తం బోర్లించింది. ఆలస్యమైన చేను, రెండు రోజుల్లో అంతా అయిపోద్ది, మళ్ళీ మళ్ళీ ఈ పని ఎవరు పెట్టుకుంటారు అని పైకి అంది.

తెల్లారేసరికి ముసురు పట్టింది.

ఇంక చూడు. గింజలు చాప మీద పోసి ఇంట్లో పరిచింది. ఆరటానికి ఎండ లేదు. తలుపు మూస్తే ఆవిరి, తీస్తే జల్లు. మర్నాటికి గింజ పగిలి తెల్లగా ముక్కు బయటపెట్టింది. ఆదెయ్య వొంగి నాలుగు గింజలు చేతిలోకి తీసుకుని చూశాడు. తిడితే పున్నమ్మకి బాగుండేది. గోనెపట్ట కప్పుకుని బయటికి పోయాడు.

"పొయ్యి పక్కన ఆరబెడితేనో?" అంది పున్నమ్మ.

"మొలకొచ్చినాక ఆరబెడితే చచ్చిపోద్ది. తినేద్దాం. మొలక జొన్న తియ్యగా ఉంటదంట" అంది కొండమ్మ. నవ్వలా మాత్రం.

ఆదెయ్య ఊరంతా తిరిగొచ్చాడు. తిండికైతే సోలెడు గింజలు పెడతాం గానీ ఇత్తనం అడగొద్దు అన్నారంట అందరూ. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఆ పచ్చజొన్న ఆదెయ్య నాయన ఏటేటా కంకులు ఏరి, మంచిది మంచిది దాచి నిలబెట్టుకున్న ఇత్తనం. పోయిందంటే మళ్ళీ దొరికేది కాదు. ఆ ఏడు చేను బీడు, పై ఏడు ఇత్తనం లేక మళ్ళీ బీడు.

పున్నమ్మకి ఆ మాపటేళ ముద్ద దిగలా. ఇంటెనక కంకులు కొట్టుకునే కళ్ళం వంక చూస్తా కూర్చుంది. కళ్ళం ఎర్రగరప నేలలో, మిట్ట మీద ఉంది. ఎంత వాన పడ్డా చుక్క నిలవదు, జారిపోద్ది. చూసి చూసి అంది, "నారు పోద్దాం."

"దేనికి?" అన్నాడు ఆదెయ్య.

"జొన్నకి. మా పుట్టింటి కాడ పొగాకుకి ఎత్తుమడులు కట్టి నారు పోస్తారు. మొలకని మడిలో బతికించుకుంటే, చేను పదునుకి వచ్చినాక పీకి నాటుకోవచ్చు."

కొండమ్మ ఊరుకుంటదా? "మీ నాదెండ్లలో చింతచెట్లకి గూడా నారు పోస్తారేమో వదినా."

"ఊరంతా బురదే. ఎక్కడ పోస్తావు?" అన్నాడు ఆదెయ్య.

"కళ్ళంలో."

నీకు ఇప్పుడు చెప్తే తెలవదమ్మా. కళ్ళంలోకి చెప్పులేసుకుని పోయేవాళ్ళు కాదు. కళ్ళం మజ్జన పాతిన రాటకి పసుపు రాసి దణ్ణం పెట్టి గానీ కంకి కొట్టేవాళ్ళు కాదు. ఎన్నో ఏళ్ళు నీళ్ళు చల్లి, ఎద్దుల్తో తొక్కించి, పేడ అలికితే బండలాగా తయారయిద్ది. దాంట్లో గడ్డపార దించటమంటే దేవుడి గదిలో దించినట్టే.

"మా అయ్య తొక్కించిన కళ్ళం అది" అన్నాడు ఆదెయ్య.

"గింజ ఉంటే కదయ్యా కళ్ళం. ఈ ఇత్తనం పోతే ఏడాది పొడుగూతా దాంట్లో కోళ్ళు తిరుగుతయ్."

ఆదెయ్య కంచం ముందు నుంచి లేచి పోయాడు.

పొద్దున్నే పున్నమ్మ గడ్డపార తీసుకుని కళ్ళం అంచుకి పోయింది. సన్నగా జల్లు పడతంది. చెప్పులు విడిచింది. గడ్డపార ఎత్తింది గానీ దించలేకపోయింది. మామ బతికుండగా ఆ కళ్ళంలోనే ఆమె చేతికి మొదటి చేట ఇచ్చాడు.

ఎనక నుంచి కొండమ్మ వచ్చింది, తల మీద గోనెపట్ట వేసుకుని. "ఇట్టా తే" అంది.

"ఎందుకు?"

"నువ్వు తవ్వావంటే, కోడలొచ్చి మామ కళ్ళం తవ్విందని ఊళ్ళో నూరేళ్ళు చెప్పుకుంటారు. నేనైతే మా అయ్యది, నేను తవ్వుకున్నా. అడిగేవాడు నన్ను అడుగుతాడు." రాటకి దణ్ణం పెట్టుకుని గడ్డపార దించింది. పెళ్ళ లేచింది.

పున్నమ్మ పెళ్ళ పక్కకి లాగతా, "మరి రాత్రి నవ్వావుగా" అంది.

"నవ్వేది నవ్వుతా, తవ్వేది తవ్వుతా. నువ్వు నోరు మూసుకుని మట్టి చిదుపు."

కాసేపటికి ఆదెయ్య వచ్చాడు. సగం తవ్విన కళ్ళాన్ని చూస్తా నిలబడ్డాడు. చెల్లెలు తలెత్తలా. ఇంట్లోకి పోయి పార తెచ్చి, "మడి వెడల్పు ఎంత ఉండాల?" అన్నాడు పెళ్ళాంతో.

"ఇటు నుంచి చెయ్యి చాపితే మజ్జకి అందాల, అటు నుంచీ అందాల. మడి తొక్కకూడదు."

పక్కింటి మౌలాలీ అటుగా పోతా ఆగాడు. దూది ఏకే పనివాడు. ఆ ముసురులో దూది చెమ్మబట్టి పనిలేక తిరుగుతన్నాడు. "ఏందక్కా, లంకెబిందెలా?" అన్నాడు.

"అవును. దొరికితే నీకూ వాటా ఇస్తాం, పార పట్టు" అంది కొండమ్మ. పట్టాడు.

మడులు ఎత్తు చేసి చుట్టూ కాలవ తీశారు. మొలకెత్తిన గింజని విసిరితే ముక్కు విరిగిద్ది. అందుకని బూడిదలో పొర్లించి, పున్నమ్మ వొంగి వొంగి వేళ్ళ సందున జారవిడిచింది. పైన మాగిన పెంట జల్లెడ పట్టి చల్లారు. దాని మీద చొప్ప పలచగా కప్పారు.

చలికి మొలక తొందరగా పైకి రాలా. అంచు మడుల్లో కొంత కుళ్ళింది. పైకొచ్చినాక పిచికలు పడితే, కొండమ్మ పొద్దుగూకులూ డబ్బా మోగిస్తా కూర్చుంది. ఊళ్ళో నవ్వుకున్నారు. జొన్నకి వరిలాగా నారేంది, వీళ్ళు కృష్ణ కాలవ కింద ఉన్నామనుకుంటన్నారా అని.

అనూరాధ కార్తె సగం పోయినాక ఎండ కాసింది. చేను పదునుకొచ్చింది. ఆదెయ్య గొర్రు మీద గింజ పోసే జడ్డిగంలో ఏం పొయ్యకుండా ఉత్త గొర్రు తోలి సాళ్ళు గీశాడు. నవ్విన ఆడోళ్ళే బదులు పనికి వచ్చారు. ఈళ్ళ చేలోకి వాళ్ళొస్తే, రేపు వాళ్ళ కోతకి ఈళ్ళు పోవాల. సాలు వెంట వొంగి, ఒక్కో మొక్కా పెట్టి మడమతో మట్టి అదిమేవాళ్ళు. పొద్దున పూట ఆ నల్లమట్టి మంచుగడ్డలాగా ఉండేది. వేళ్ళు కొంకర్లు పోతే గట్టు మీద కుంపటి కాడికి పోయి కాచుకుని మళ్ళీ దిగేవాళ్ళు.

నాటిన నారంతా సొమ్మసిల్లింది. ఆకులు నేలకి వాలినయ్. ఆదెయ్య రోజూ తెల్లారి చేలోకి పోయి వచ్చేవాడు, ఏం చెప్పేవాడు కాదు. పున్నమ్మ అడిగేది కాదు. పోయి చూసే ధైర్యమూ లేదు ఆమెకి. ఒకరోజు వచ్చి, పంచె అంచుకి పట్టిన మంచు దులుపుకుంటా, "తల ఎత్తినయ్" అన్నాడు. పున్నమ్మ పొయ్యి వంక తిరిగి కూర్చుంది. పొగకి కళ్ళు మండుతున్నయ్ అంది. పొయ్యి అప్పటికి ఇంకా అంటించలా అని కొండమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

నారు చేనంతకీ చాల్లా. ఏటి వైపు నేల చెక్క ఒకటి మిగిలిపోతే మౌలాలీ ధనియాలు చల్లి సగం తీసుకున్నాడు. జొన్న ఆలస్యంగా ఈనింది, కంకి చిన్నది. సొంత కళ్ళం లేక పక్కోళ్ళ కళ్ళంలో కొట్టుకున్నారు. ముందు ఇత్తనం కుండ నింపి పేడ మెత్తి, మిగిలింది తిండికి పెట్టుకున్నారు. తిండి బొటాబొటిగానే సరిపోయింది, మళ్ళీ కోతల నాటికి గంజి తాగారు. కుండ జోలికి మాత్రం ఎవరూ పోలా.

పై ఏడు ఆదెయ్య అదే చోట మళ్ళీ ఎద్దుల్ని తోలి కళ్ళం తొక్కించాడు. కొండమ్మ మొగుడి కాడికి పోతా కొన్ని కంకులు కొంగున కట్టుకుపోయింది. నాకూ మా అక్క ఒక మూట పంపింది. మన ఇంట్లో ఇప్పటికీ ఉన్నది అదే.

ఇంక చాలమ్మా. అక్క పోయింది, బావా పోయాడు. మీ కొండమ్మ నాయనమ్మ ఉంది, గురజాలలో కొడుకు కాడ. కళ్ళు కనపడవు గానీ చెవి బాగానే వినపడిద్ది. నువ్వు ఆదివారం పోతావుగా, ఇదంతా ఆమెకి చదివి వినిపించు. మడుల మీద కప్పింది చొప్పో బోదగడ్డో నాకు సరిగా గుర్తులేదు, అడిగి దిద్దు. గడ్డపార తీసుకున్న ముక్క కాడ మాత్రం తొందరపడి చదవమాక.