పౌలు మేస్త్రి ఒరిజినల్ సౌండు

మార్కాపురంలో పాతికేళ్ల కిందట పెళ్లి చేసుకున్నవాళ్లని ఎవరినైనా అడగండి, ఊరేగింపుకు బ్యాండు ఎవరిదంటే మా నాయనదే అంటారు. పౌలు మేస్త్రి. క్లారినెట్ చేతిలో పట్టుకుని, మేళం వైపు మొహం తిప్పి, రోడ్డు మీద వెనక్కి వెనక్కి నడుస్తూ వాయింపించేవాడు. ఏ వీధిలో ఏ గుంత ఉందో ఆయన మడమకు తెలుసు. ఎవడైనా తాళం తప్పాడా, క్లారినెట్‌తో గాలిలో ఒక్క పోటు పొడిచేవాడు. నిజంగానే తగిలినట్టు వాడు ఉలిక్కిపడేవాడు.

పోయిన వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. డ్రమ్ముల మోత మీద కూడా వినిపించేలా కేకలేసిన మనిషి, మంచినీళ్లకు ఎడమ చేత్తో సైగ చెయ్యాల్సి వచ్చింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదని అడక్కండి. దేవుడి మీదంటే పాస్టరుగారు నొచ్చుకుంటారు.

ఒకరోజు మా వీధిలోంచి డీజే బండి పోయింది. ఇంట్లో గిన్నెలు అదిరాయి. నాయన ఆ మోతకు విసుగ్గా తల ఊపి, ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత తన గుండె మీద కొట్టుకున్నాడు.

"నీ బ్యాండు వినాల్నా నాయనా?" అని అడిగాను. కళ్లు మూసి తెరిచాడు. కళ్లలో నీళ్లు.

ఇదేం పెద్ద పనిలే అనుకున్నాను. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని వీడియోలు! తెలిసిన ఇళ్లన్నీ తిరిగాను. దర్శి దాకా పోయాను. అన్నింటిలోనూ నాయన ఉన్నాడు. బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు, చెయ్యెత్తి మేళాన్ని నడిపిస్తున్నాడు. వినిపించేది మాత్రం సినిమా పాట. ఏ ఇంట్లో చూసినా అంతే. మా నాయన నోరు నొక్కేసి పైనెవరో పాడుతున్నట్టు అనిపించింది.

ఆ వీడియోలు తీసిన మాల్యాద్రి స్టూడియోకు పోయి నాలుగు దులిపేశాను.

"నన్నేం చెయ్యమంటావక్కా? ఉత్త బ్యాండు సౌండు పెడితే పెళ్లోళ్లు క్యాసెట్టు నా మొహాన కొడతారు. పాటలు కలపమని వాళ్లే కదా అడిగేది" అన్నాడు. నా మొహం చూసి కాసేపు తల గోక్కున్నాడు. "ఒకటుంది గానీ నీకు పనికిరాదులే. కొనకనమిట్ల రంగయ్య పోయినప్పుడు తీసింది. చావుకు సినిమా పాట ఎవురేస్తారు? ఉన్న సౌండు ఉన్నట్టే వదిలేసినా."

రంగయ్య అక్కడ పెద్ద రైతు. కొడుకుల్లేరు. కూతురే తలకొరివి పెట్టిందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. శవం ముందు నడిచింది మా నాయన బ్యాండే. ఆ పాత క్యాసెట్టులోది మాల్యాద్రి నా ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. దారిలోనే వినాలని మనసు లాగింది. కానీ నాయనతో కలిసే వినాలని పట్టుపట్టి, వినకుండానే ఇంటికి వచ్చాను.

మంచం పక్కన కూర్చుని పెట్టాను. మొదట జనం గోల, ఎవరిదో దగ్గు. తర్వాత పెద్ద డ్రమ్ము. వెంటనే క్లారినెట్. నాయన ఎడమ చెయ్యి పైకి లేచింది. మేళాన్ని ఎత్తించేటప్పుడు లేచే చెయ్యి అది. నేను చిన్నప్పటి నుంచీ చూసిన చెయ్యి.

"ఏందే అది? చావు బాజా గదా!" వంటింట్లోంచి మేనత్త సుగుణమ్మ పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. నాయనను చూసుకోవడానికి వచ్చి మా దగ్గరే ఉంటోంది. "బతికున్న మనిషి మంచం కాడ చావు బాజా పెడతావా? బుద్ధుందా నీకు?"

"ఆయనే వినాలంటున్నాడత్తా. ప్రభువును నమ్ముకున్నోళ్లకు శకునాలేంది?"

"ఎవుర్ని నమ్ముకున్నా చావు చావే. నా తమ్ముణ్ణి నువ్వు సాగనంపొద్దు జెస్సీ" అని కూలబడి ఏడ్చింది.

ఫోను ఆగిపోయినా నాయన చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. నేనే పట్టుకుని మెల్లగా దించాను.

ఆదివారం అత్త చర్చికి పోయినాక పెడతానని ఆయన చెవిలో చెప్పాను. సగం మొహంతో నవ్వాడు. శుక్రవారం పొద్దున గంజి తాగిద్దామని లేపితే లేవలేదు.

ఊరందరి చావులకూ ముందు నడిచిన మనిషికి, ముందు నడవడానికి మేళం లేదు. ఆయన మనుషుల్లో సగం మంది పోయారు. మిగిలినవాళ్లు హైదరాబాదు అపార్టుమెంట్లకు కాపలా ఉన్నారు. శవపేటిక వాకిట్లో పెట్టారు. వీధిలో చప్పుడు లేదు. నాకు ఏడుపు రాలేదు. కుర్చీలు తక్కువ తెచ్చారని షామియానా వాళ్ల మీద అరుస్తున్నాను.

అత్త వచ్చి నా ఫోను నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు పెట్టమ్మా" అంది.

మాల్యాద్రి ఆటోలో స్పీకరు తెచ్చి ఫోను తగిలించాడు. పెద్ద డ్రమ్ము, వెంటనే క్లారినెట్. ఆటో ముందు, పెట్టె వెనక, మేం ఆ వెనక. డాబాల మీదికి జనం వచ్చి నిలబడ్డారు. సమాధుల తోట మలుపు దగ్గర బ్యాండు ఠక్కున ఆగిపోయింది. ఫోను చెడిందనుకుని ఆటో దగ్గరికి ఉరికాను.

"ఆపండిరా. దింపుడు కళ్లం వచ్చినాది. ఆ బిడ్డను పిలవనీండి."

నాయన గొంతు. వేసవి నుంచీ ఈ చెవులకు లేని గొంతు.

మోస్తున్నవాళ్లు ఆ మాటకు నిజంగానే ఆగి పెట్టెను దించారు. దారిలో పాడెను దించి, పలుకుతారేమోనని చివరిసారి చెవిలో పిలవడం రంగయ్య వాళ్ల ఆచారం. మాకు లేదు. స్పీకర్లో రంగయ్య కూతురు పిలుస్తోంది. "నాయనా... నాయనా..."

నేను రోడ్డు మీద కూలబడ్డాను. పెట్టె మీద తల పెట్టి నేనూ పిలిచాను. ఎంతగా అరిచానో నాకు తెలియదు. పాస్టరుగారు వద్దనలేదు.

ఆ అమ్మాయి గొంతు ఆగింది. నేనూ ఆగాను.

"పలకలేదా తల్లీ?" అన్నాడు నాయన. ఆయన గొంతు అంత మెత్తగా పలుకుతుందని నాకు తెలియదు.

"పలికినావు నాయనా" అన్నాను.

"సరే. ఎత్తండి, పోదాం" అన్నాడు.

ఎత్తారు.