పిట్టకన్ను పూల పచ్చిక

"ఊపిరి పక్కకి తిప్పి వదలవే. రేకు చెమరుస్తోంది," అన్నాడు విల్‌ఫ్రెడ్.

థిర్జా మొహం తిప్పి ఊపిరి వదిలి, కుంచె పట్టుకుని మళ్ళీ పువ్వు మీదికి వంగింది. పోటీకి పెట్టే ఆరిక్యులా మొక్కకు పూలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, బల్లపరుపుగా విప్పుకుని ఉండాలి. వాటిని సర్దడం థిర్జా పని. రాచ్‌డేల్ ఊళ్ళో ఈ పూలు పెంచే ప్రతి మగవాడి ఇంట్లోనూ ఆ పని ఆడదే చేస్తుంది. పోటీలో కుండీకి కట్టే చీటీ మీద పేరు మాత్రం మగవాడిది.

విల్‌ఫ్రెడ్ మిల్లులో మగ్గాల మేస్త్రి. అతని భార్య థిర్జా అదే మిల్లులో నేతగత్తె. ఇద్దరూ ఒకే కూతకు ఇంటికి వస్తారు. అతను బూట్లు విప్పి పొయ్యి పక్కన కూర్చుంటాడు. ఆమె దుంపలు ఉడకేసి, పెరట్లో మొక్కల మీది గాజు మూతలు తీసి, కుండీ కుండీకీ మొక్క మొదలు దగ్గర మాత్రమే తడిపి, చినుకు పడితే చేతిలో పని వదిలేసి పరుగెత్తి మూతలు వేస్తుంది. ఆ ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర ఉంటుంది. దాని మీద నీటిచుక్క పడితే మచ్చ. మచ్చ పడితే ఆ ఏటికి ఆ మొక్క పనికిరాదు.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు థిర్జాకు అది తెలియలేదు. దుమ్మనుకుంది. మొగుడు మెచ్చుకుంటాడని ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో ఆకులన్నీ తుడిచి తళతళలాడించింది. విల్‌ఫ్రెడ్ అరవలేదు. తల్లిని పిలిచి చూపించాడు. "కొండల్లోంచి తెచ్చుకున్నావుగా పిల్లని, అనుభవించు," అంది ఆ ముసలామె. ముసలామె పోయింది గానీ కథ పోలేదు. పూల సంఘం వాళ్ళు ఇప్పటికీ బీరు తాగుతూ చెప్పుకుంటారు. "ఈసారి సబ్బు పెట్టి రుద్దలేదా థిర్జా?" అంటారు. విల్‌ఫ్రెడ్ అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఆమె టీ పోస్తుంది.

తెలియకపోవడానికి కారణం ఉందా అని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పుకోలేదు. ఆమె పుట్టిన లోయలో, తండ్రి గొర్రెలు మేపిన తడి పచ్చికలో కూడా ఆ జాతి పువ్వే పూస్తుంది. వేలెడంత మొక్క, లేత గులాబిరంగు, నడుమ పసుపు చుక్క. పిట్టకన్ను అంటారు. దానికీ ఆ తెల్లపిండి ఉంటుంది, కానీ ఆకు కిందివైపు. వాన రోజంతా కురిసినా దానికేమీ కాదు. మే నెలాఖరుకు పచ్చికంతా పూలే. చిన్నప్పుడు తనూ అక్కా చెప్పులు చేత పట్టుకుని వాటి మధ్య అడుగు ఎక్కడ వేయాలో వెతుక్కునేవాళ్ళు. పెళ్ళయ్యాక మళ్ళీ చూడలేదు. మే మొదట్లో పోటీ. పోటీ కాగానే కుండీలు మార్చాలి, పిలకలు విడదీయాలి. అది తేలేసరికి అక్కడ పూలు వాడిపోతాయి. ఇరవై ఏళ్ళు ఇలాగే వాడిపోయాయి. మగ్గం చప్పుడులో నిలబడి ఉండగా ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఆ తడి వాసన ముక్కుకు తగిలేది. అప్పుడు దారం తెగినా ఆమెకు తెలిసేది కాదు. జరిమానా వేసేది విల్‌ఫ్రెడే.

పోటీకి ముందు వారం అక్క ఆలివ్ వచ్చింది. ఒంటరి మనిషి. తండ్రి ఇంట్లోనే ఉంటుంది.

"కొత్త కౌలుదారు మన పచ్చికలో కాలవలు తవ్విస్తాడటే. తడికి గొర్రెల కాళ్ళు కుళ్ళిపోతున్నాయట. జూన్‌లో మొదలు."

"నీళ్ళు పోతే?"

"నీళ్ళు పోతే పూలెక్కడుంటాయే పిచ్చిదానా? చూడాలంటే ఈ ఏడే చూడు."

పోటీలో విల్‌ఫ్రెడ్ కొత్త మొక్క గెలిచింది. ఆకుపచ్చ అంచు, నల్లటి నడుము. విత్తు నాటింది, మొలకలు తీసి నాటింది థిర్జా. అతను కప్పు అందుకుని, నా ఓపికకు ఫలితం దక్కింది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి.

ఆ రాత్రి భోజనం దగ్గర అడిగింది. "ఈ నెలాఖరు ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళొస్తాను. పూలు చూడాలి."

"పూలా?" విల్‌ఫ్రెడ్ చెంచా దించాడు. "పెరడంతా పూలే కదే! పొలంలో కలుపు చూడ్డానికి రైలెక్కుతావా? ఆ ఆదివారం సంఘం వాళ్ళు పిలకల కోసం వస్తున్నారు. మట్టి నువ్వు కలపాలి. కేకు చెయ్యాలి."

"మట్టి శనివారమే కలిపి పెడతాను."

"టీ ఎవరు పోస్తారు?"

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మిగతావన్నీ ఆమె మర్చిపోగలిగేది. ఆ ప్రశ్నను మర్చిపోలేకపోయింది.

శనివారం మట్టి కలిపింది. కేకు చేసి మూత పెట్టింది. ఆదివారం అతను ప్రార్థనకు వెళ్ళాక కోటు తొడుక్కుని స్టేషనుకు నడిచింది.

పచ్చిక తడిగా ఉంది. సన్నటి జల్లు. పూలు ఉన్నాయి. తలచుకున్నంత ఎత్తు లేవు, తలచుకున్నదానికంటే చాలా ఉన్నాయి. కౌలుదారు నాటిన కొలత కర్రలు వాటి మధ్య వరసగా నిలబడి ఉన్నాయి. థిర్జా బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్క రేకూ సర్దలేదు. ఒక పువ్వు వంకరగా ఉంది, ఒకదాన్ని నత్త కొరికింది, ఇంకొకటి పక్కదాని మీద ఎక్కి కూర్చుంది. వీటిలో ఒక్కదానికీ నాతో పని లేదు అనుకుంది. అనుకోగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. మొహం పక్కకి తిప్పుకోలేదు.

ఆలివ్ గొడుగు పట్టుకుని వచ్చింది. "తడిసి చస్తావే, లే. సాయంత్రం బండికి వెళ్ళాలిగా?"

"కాలవలు తవ్వేవాళ్ళు ఎప్పుడొస్తారు?"

"రేపు కాక ఆపై సోమవారం."

"అందాకా ఉంటాను."

"ఆ తరవాత?"

థిర్జా పూలకేసి చూస్తూనే ఉంది.

"ఆ తరవాత ఇవి ఉండవు," అంది. "నేను ఉంటాను."