మాణిక్యం చెయ్యి

తొంభై ఎనిమిది నాటి మాట. హంసలదీవిలో ఎవరికి పేగు జారిందన్నా మాణిక్యం దగ్గరికే పరుగు. గోరువెచ్చని ఆముదం రాసి, బొడ్డు చుట్టూ నాలుగు వేళ్ళతో సర్దిందంటే ఎంతటి నొప్పయినా తోక ముడవాల్సిందే. ఆ పేరే ఆమె ఆస్తి.

అంతటి మనిషి మొగుడికే పొట్ట ఉబ్బింది. యలమంద రెండు నెలలుగా చేపల వేటకు వెళ్ళలేదు. బందరులో స్కాన్ తీయించారు.

"పేగు గోడలోనే గాలి బుడగలు పుట్టాయమ్మా, కుంకుడుకాయలంతేసి. అరుదైన జబ్బు. చాలామందికి మందులతో తగ్గిపోతుంది. పొట్ట మాత్రం ఎవరూ నొక్కకూడదు," అన్నారు డాక్టరు శశిధర్ గారు.

మాణిక్యానికి ఒళ్ళు మండింది. పేగుల సంగతి తనకా చెప్పేది! అయినా పన్నెండు రోజులు చెయ్యి వేయలేదు.

పదమూడో రోజు పొద్దున్నే యలమంద మెలికలు తిరిగిపోయాడు.

"ఊరందరికీ పనికొచ్చే చెయ్యి నాకే పనికిరాదటే?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆముదం వేడి చేసింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కింది. వేళ్ళ కింద ఏదో చిటుక్కుమంది. యలమంద "అమ్మయ్య" అన్నాడు. మాణిక్యం అనలేదు. ఇన్నేళ్ళలో ఏ పొట్టలోనూ అలాంటిది ఆమె చేతికి తగల్లేదు.

మధ్యాహ్నానికి నొప్పి తిరగబెట్టింది. బస్సులో బందరు చేరేసరికి నాలుగయింది. ఎక్స్‌రేలో పేగు బయట గాలి కనిపించింది.

"పొట్ట ఎవరైనా నొక్కారా?"

"చెయ్యి కూడా వెయ్యలేదండి," అన్నాడు యలమంద, పెళ్ళాం పరువు కాయడానికి.

"అయితే బుడగ పగిలి వచ్చిన గాలే అయ్యుంటుంది. ఈ జబ్బులో మామూలే. కోత అక్కర్లేదు, చూద్దాం."

మాణిక్యం తల దించుకుంది. పక్క మంచం దగ్గర తమ ఊరి రమణమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. ఇప్పుడు నోరు తెరిస్తే రేపట్నుంచి తన గడప తొక్కేవాళ్ళుండరు. గంట గడిచింది. మొగుడి పెదాలు నల్లబడుతున్నాయి. పేరు కోసం ఈ మనిషిని చంపుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, అయినా రమణమ్మ వైపే చూస్తూ కూర్చుంది. డాక్టరు గారు మళ్ళీ వచ్చి నాడి పట్టుకున్నాక, ఇక ఆగలేకపోయింది.

"నేనే నొక్కానండి. పొద్దున. గట్టిగా."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయితే ఇది బుడగ గాలి కాదు, పేగుకే చిల్లు పడింది," అంటూ ఆపరేషన్ గది తెరవమని నర్సును కేకేశారు.

స్ట్రెచర్ కదులుతుంటే యలమంద ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పావే? రమణమ్మ వింది."

"విననీ మావా."

"నాకేదన్నా అయితే… ఇంక నీ దగ్గరికి ఎవరొస్తారే?"

నర్సు అతని వేళ్ళు విడదీసి, తలుపులు మూసింది.