సున్నా తప్పులు

రేణిగుంట రోడ్డులో టైర్ల కొట్టుపైన మా ఆఫీసు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములను నడపకుండానే చదివి, తప్పులు ఎక్కడున్నాయో చెప్పే టూల్ మాది. ముఖ్యంగా నల్‌ను పట్టుకోవాలి. నల్ అంటే విలువ ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం. చిత్తూరులో ఒక ఆసుపత్రి, రోగి బరువును బట్టి మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాం రాయించుకుంది. బరువు రాయడం మరిచిపోతే అదేం చేస్తుందో మా టూల్ ముందుగా చెప్పాలి. తీరా మా టూలే నల్ తగిలిన చోటల్లా పని ఆగిపోయి బోర్లా పడుతోంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు!

ఆ వేసవంతా నేనూ రూపేషూ ఆ టూల్ కోడ్‌నే సవరిస్తూ కూర్చున్నాం. ప్రతిచోటా ఆగి, ఇక్కడ విలువ లేకపోతే ఏం చెయ్యాలని ఆలోచించాలి. కళ్ళు మండేవి, నడుము పీకేది. విసుగొచ్చేసింది, దాపరికమెందుకు.

శుక్రవారం రాహుకాలం రాకముందే ఆసుపత్రికి రిపోర్టు పంపాలని మా సార్ ప్రేమానందం పట్టు. మా ఆఫీసులో ఏదీ రాహుకాలంలో గడప దాటదు. పది దాటినా టూల్ పడుతూనే ఉంది. సార్ గడియారం చూసుకుంటూ రూపేష్ వెనకే నిలబడ్డాడు. రూపేష్ గబగబా ఏదో రాశాడు. టూల్ పడలేదు. ఆసుపత్రి ప్రోగ్రాంలో తప్పులు సున్నా అంది. సార్ కర్పూరం వెలిగించి పంపించేశాడు.

ఒక్క తప్పూ లేకపోవడమేమిటని నాకు మనసొప్పలేదు. సోమవారం, బరువు లేని రోగిని పెట్టి కావాలనే చెత్త ప్రోగ్రాం ఒకటి రాసి టూల్‌కిచ్చాను. సున్నా. కోడ్ తెరిచి చూస్తే, నల్ కనబడితే ఆ ఫైలునే వదిలేసి ముందుకు పొమ్మని రాసి ఉంది.

"ఇదేం పని రూపేష్?"

"ఏం చేసేది జాహ్నవీ? పాప పుట్టినాక కంటినిండా నిద్ర లేదు. ఆయప్ప నెత్తిన నిలబడినాడు. పడకుంటే చాలనుకున్నా."

కోపం వచ్చింది. పీక్కుపోయిన ఆ మొహం చూస్తే జాలీ వేసింది.

సార్‌కు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నాడు. "సూడనట్టు ఉండు తల్లీ. వచ్చే నెల మంచిది పంపుదాం. నాకూ ఓపిక లేదు."

నాకు మాత్రం ఉందా? టూల్‌కు రూపేష్ చెప్పిందే నాకు ఈయన చెబుతున్నాడు! ఫోనెత్తి చిత్తూరుకు చేశాను. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మునిప్రసాద్ సంబరంగా పలికాడు.

"మీ పుణ్యమమ్మా! సున్నా అని సూసి మావోళ్ళు ధైర్యం చేసినారు. నర్సులు చేత్తో లెక్క సరిచూసేది ఈ పొద్దుటి నుంచి ఆపేసినాం."

"మా టూల్ చెప్పింది తప్పు సార్. నర్సులను మళ్ళా చేత్తో లెక్క చూడమనండి, ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా, పోయి చెప్పి రండి."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు, చెప్పులు పరిగెత్తిన చప్పుడు వినబడ్డాయి. రూపేష్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి మునిప్రసాద్ రొప్పుతూ వచ్చాడు.

"ప్రోగ్రాం ఆపినారమ్మా. పొద్దున మందులు మాత్రం అప్పుడే ఇచ్చేసినారంట. ఎవురెవురికి ఎంతెంత ఇచ్చినారో సూస్తా ఉండారు."

ఫోను పెట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.