పుష్పలీల బెంచీ మీద నేను

అరచేతిలో ఇమిడిపోయే సర్క్యూట్ పలకను నేను. నా ముఖాన బియ్యపుగింజలంత ఎర్రదీపాలు, పక్కన రెండు మీటలు, చప్పుడు పసిగట్టే చిన్న చెవి. ఏం చేయాలో కంప్యూటర్లో రాసి నాలోకి పంపితే అదే చేస్తాను. పంపకపోతే ఊరికే ఉండాలి. ఊరికే ఉండడం నాకు చేతకాదు. అలాంటి నన్ను పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికని పాలమూరు వైపు ఒక బడికి తెచ్చి, పాడవుతానేమోనని వానాకాలమంతా బీరువాలో పెట్టి తాళం వేశారు. మనుషుల జాగ్రత్త ఇలాగే ఉంటుంది కాబోలు.

కొత్తగా వచ్చిన లెక్కల టీచర్ తాహెరా ఆ తాళం తీయించింది. ఏడో తరగతి ఝాన్సీ చేతికి వచ్చాను. ఆమె పక్కన కూర్చునే పుష్పలీలకు వినికిడి చాలా తక్కువ. పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. వెనకనుంచి పిలిస్తే పలకదని పిల్లలు నవ్వేవారు. అందుకే ఝాన్సీ, చప్పుడైతే వెలగమని నాకు రాసి ఆమె ముందు పెట్టింది. మొదట ఫ్యాను చప్పుడుకే పిచ్చెత్తినట్టు వెలిగాను. ఎంత చప్పుడుకు వెలగాలో సరిచేశాక కుదురుకున్నాను.

"ఇగ నిన్నెవరు పిలిచినా తెలుస్తది," అంది ఝాన్సీ సంబరంగా.

తెలిసింది. పుష్పలీల వెనక్కి తిరిగి నవ్వింది. మర్నాటికి పిల్లలకు అదో ఆట. చప్పట్లు కొట్టి తల దించేసుకుంటారు. నేను వెలుగుతాను, ఆమె తిరుగుతుంది, అక్కడ ఎవరూ పిలిచి ఉండరు. వెలగకుండా ఉండలేను, వెలిగితే ఆమెకు అవమానం. సాయంత్రానికి నన్ను బోర్లా తిప్పేసింది.

"ప్రతిసారి నేనే తిరగాల్నా?" అంది ఝాన్సీతో. "నాకు గూడ రాసుడు నేర్పు."

నేర్చుకుంది. తప్పులు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

తాహెరా టీచర్ మంచిదే గానీ సగం పాఠం నల్లబల్లకే చెప్పేది. ఒకరోజు క్లాసు మొదలవకముందే పుష్పలీల నన్ను నల్లబల్ల అంచున, సుద్దముక్కల పక్కన నిలబెట్టింది. టీచర్ లెక్క రాస్తుండగా నా మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పరుగెత్తాయి: ఇటు తిరిగి చెప్పండి.

సుద్ద ఆగింది. టీచర్ ఇటు తిరిగింది. "ఎవరిదిది?"

పుష్పలీల లేచి నిలబడింది. "నాదే టీచర్. మీరు బోర్డు దిక్కు చెప్తే నాకేం తెలుస్తలేదు."

"ఇన్ని దినాలు చెప్పకపోతివి బిడ్డా?"

"మీరు అటే తిరిగి ఉంటిరి."

టీచర్ రాసింది తుడిచేసి, పిల్లల వైపు నిలబడి లెక్క మొదటినుంచి అందుకుంది. నా మీద మాటలు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. ఆపమని నాకెవరూ రాయలేదు. పుష్పలీల వచ్చి నా బ్యాటరీ తీగ లాగేసి, గబగబా వెళ్ళి కూర్చుంది. టీచర్ పెదవులు చూడాలిగా మరి.