వైద్యురాలి వంతు

“ఎలాగూ పడిపోయావుగా, ఈలోగా టీ పెట్టు.” పోయిన ఆదివారం ఆటలో ఆమె పాత్ర బాణం తగిలి కూలగానే మొగుడన్న మాట అది. ఆమె లేచి వెళ్ళి టీ పెట్టింది. కప్పులతో తిరిగొచ్చేసరికి ఆమె పాత్రను లేపాలన్న సంగతే అందరూ మరిచిపోయారు.

ఆదివారం మధ్యాహ్నాల ఆట అది. భోజనాల బల్ల మీద గుహ పటం, పాచికలు, ఎవరి పాత్ర కాగితం వాళ్ళ ముందు. మొగుడి స్నేహితుడైన పళ్ళ డాక్టరు కథ నడుపుతాడు, రాక్షసుల తరఫున పాచికలు వేసేదీ ఆయనే. మొగుడు గొడ్డలి వీరుడు. మరిది విలుకాడు. ఎవరికీ అక్కర్లేని వైద్యురాలి పాత్రను ఆమెకు అంటగట్టారు. దెబ్బలకు మందు వెయ్యాలి, పడ్డవాళ్ళను లేపాలి. “నువ్వుంటేనే మాకు ధైర్యం” అని పొగుడుతారు కూడా. ఇంటెడు చాకిరీ చాలనట్టు ఇదొకటి, రెండేళ్ళుగా.

ఈ వారం రాక్షసుడి దెబ్బకు మొగుడి వీరుడు కూలాడు. ఇక్కడ ఓడితే రెండేళ్ళ కథా ముగిసినట్టే. ఆమె వంతు వచ్చింది.

“లేపు, లేపు! నేను లేచానంటే ఒక్క వేటు, వాడి పని సరి,” అన్నాడు మొగుడు.

ఆమె తన పాత్ర కాగితం చూసి మనసులో లెక్క కట్టింది. దారం మిల్లులో ఆమె ఉద్యోగం నూలుపోగులు తెంపి, ఎంత బరువుకు తెగాయో సగటు కట్టడం. ఆ సగటును మీటింగులో చదివి మెప్పు కొట్టేసేది పై అధికారి. లెక్క ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. గొడ్డలికి పన్నెండు ముఖాల పాచిక, తగిలితే సగటున ఆరున్నర. వినడానికి ఘనంగానే ఉంది. కానీ ఇరవై వేట్లలో తగిలేవి ఎనిమిదే, తగలనివి కూడా కలుపుకుంటే వంతుకు రెండున్నర చిల్లర. ఆమె కాగితం మీదున్న నిప్పు మంత్రానికి రెండు మామూలు పాచికలు, సగటున ఏడు. ఇరవైలో పన్నెండుసార్లు తగులుతుంది. వంతుకు నాలుగు దాటుతుంది. మళ్ళీ కట్టి చూసింది. తప్పు లేదు. ఇన్నాళ్ళూ తన నాలుగును పక్కన పెట్టి అతని రెండున్నరను లేపుతూ వచ్చింది. గొడ్డలి తగిలిన రోజు ఇల్లెగిరిపోయేలా కేకలు, తగలని రోజులు ఒక్కరికీ గుర్తుండవు. ఆమెకు కోపం రాలేదు. అలసట ముంచుకొచ్చింది, రెండేళ్ళదీ ఒక్కసారే.

“నేను కొడతాను,” అంది.

“వదినా, మీరు వైద్యురాలు కదా!” అన్నాడు మరిది.

మొగుడు నవ్వాడు. “నీకు కొట్టడం ఎక్కడొచ్చు?”

“కాగితం మీద రాసుంది. మొదటి రోజు నుంచీ ఉంది.”

ఇరవై ముఖాల పాచిక వేసింది. తగలాలంటే తొమ్మిదైనా పడాలి. ఐదు. తగల్లేదు.

మొగుడు తొడ చరిచాడు. “చెప్పానా! వంతు దండగ చేశావు. వచ్చే వంతుకైనా నన్ను లేపు.”

“వచ్చే వంతుకీ కొడతాను, ఆ పై వంతుకీ కొడతాను,” అంది ఆమె, పాచికను దగ్గరకు తీసుకుంటూ. “మీరు కాసేపు అలాగే పడి ఉండండి.”